కుర్చీలు లేని క్లాసు

భార్య మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినబడగానే మేస్త్రి సుత్తి పక్కన పెట్టాడు. పెదాల మధ్య పట్టుకున్న సన్నమేకులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసుకోసాగాడు, ఏ పాపం ఎరగనివాడిలా.

ముందుగదిలో కుర్చీలన్నీ ఒంటిమీద బట్ట లేకుండా నిలబడి ఉన్నాయి. సోఫా సంగతి చెప్పనక్కర్లేదు. రెగ్జిను ఒలిచి, స్పాంజి పీకి, గోనెగుడ్డ కోసి, స్ప్రింగుల దాకా దింపేశాడు. భోజనాల బల్ల చుట్టూ వట్టి చెక్క చట్రాలు మిగిలాయి. పొరపాటున ఎవరైనా కూర్చున్నారా, నడుం దాకా దిగిపోవడమే.

బతికి బట్టకట్టింది వాళ్ళమ్మ కుర్చీ ఒక్కటే. అదీ కొడుకు దయ వల్ల కాదు. మధ్యాహ్నం అతను కత్తెర పట్టుకుని దగ్గరికొస్తే ముసలమ్మ లేవలేదు. "నన్ను కూడా ఒలుస్తావేంట్రా?" అంది. అతను వెనక్కి తగ్గాడు.

భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. భుజానికి సంచీ, చేతిలో బిస్కట్ల పొట్లాలు.

"ఏంటిది?"

"పని."

"ఇవాళే చెయ్యాల్సిన పనా?"

"ఊరందరి సోఫాలూ బాగుచేస్తాడు, ఇంట్లో కుర్చీ మాత్రం కంటికి ఆనదు అని పోయినేడు నుంచీ సాధిస్తున్నది ఎవరు? నువ్వు కాదూ? చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదంటావు, చేస్తే ఎందుకు చేశావంటావు."

"ఇంకాసేపట్లో మా క్లాసువాళ్ళు వస్తారు."

"రానీ. వద్దన్నానా?"

"ఎక్కడ కూర్చుంటారు?"

"ఆలోచించే చదువు చదివేవాళ్ళు కదా. ఆలోచించుకుంటారు."

ముసలమ్మ తన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, గోడకి చెబుతున్నట్టు అంది. "అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నవాళ్ళని చూశాను. పెళ్ళాం మీద కోపం సోఫా మీద తీర్చుకున్నవాణ్ణి మాత్రం నా కడుపునే కన్నాను."

"నువ్వూరుకోవే అమ్మా."

"ఊరుకుని కూర్చున్నాను గనకే నాయనా, ఈ కుర్చీ అయినా మిగిలింది."

భార్య అరుస్తుందని మేస్త్రి కాచుకుని ఉన్నాడు. అరిస్తే అనాల్సిన మాటలు మధ్యాహ్నం నుంచీ, ఒక్కో కుర్చీ ఒలుస్తూ, నోట్లో నానబెట్టుకుని ఉన్నాడు. ఆమె అరవలేదు. బిస్కట్ల పొట్లాలు బల్ల మీద పెట్టి, సోఫా చుట్టూ ఒకసారి తిరిగి, వంగి ఒక స్ప్రింగుని వేలితో నొక్కి చూసింది. అది కిర్రుమంది.

ఈ చదువులో చేరాక ఆమెకి అంటుకున్న జబ్బు ఇదే. అంతకుముందు మాటకి మాట ఉండేది. ఒకటంటే రెండనేది, అతను మూడనేవాడు, చివరికి ఎవరో ఒకరు తలుపు ధడాలున వేసేవాళ్ళు, అన్నం వేళకి తీసేవాళ్ళు. కాపురమంటే అదీ. ఇప్పుడు మధ్యలో ఆగిపోతుంది. ఆగి, అవతలి మనిషిని చూస్తుంది. మొగుడూ పెళ్ళాల పోట్లాటలో ఒకళ్ళు ఆగి ఆలోచించడం మొదలెడితే రెండోవాడు ఏమైపోవాలి? తాడులాగే ఆటలో అవతలివాడు తాడు వదిలేస్తే పడేది ఇవతలివాడే.

నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చునే మనిషి ఆమె. కుళాయి రాలేదని, బురదనీళ్ళు వచ్చాయని, పక్కింటికొచ్చి మా ఇంటికి రాలేదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం వచ్చి మీద పడుతుంటారు. అలాంటి మనిషికి నలభై దాటాక పీజీ చదువు మీద మనసు పోయింది. పోనీ లెక్కలా, చట్టమా, ప్రమోషన్ తెచ్చిపెట్టేదేమైనానా అంటే కాదు. విమర్శగా ఆలోచించడం, కొత్తగా ఆలోచించడం, అదే చదువట. చేరిన రోజునే మేస్త్రి అన్నాడు, "ఆలోచించడానికి కూడా కాలేజీ పెట్టారా? తుమ్మడానికి ఎప్పుడు పెడతారో!" అప్పట్లో ఆమె కూడా నవ్వింది.

మిగిలిన కాస్త నవ్వూ పోయిన వారం చచ్చింది. ఆ చదువులోనే ఉన్న నర్సొకావిడ తన పాత పడక్కుర్చీ బాగుచేయించుకోడానికి కింద వర్క్‌షాపుకి వచ్చి, బోర్డు చూసి, అతన్ని చూసి, చేతులు రెండూ జోడించి, "అయితే ససేమిరాగారు మీరేనా! మా క్లాసులో మిమ్మల్ని తలుచుకోని రోజుండదు" అంది. పాపం, మెచ్చుకుంటున్నాననే అనుకుంది.

ఆ రెండేళ్ళ చదువుకి చివర్లో పరీక్షలంటూ లేవు. ఎవరి బతుకులో పడిన ముడి వాళ్ళు పట్టుకొచ్చి, దాని మీద రెండో ఏడాదంతా తలబద్దలు కొట్టుకుని, చివర్న క్లాసునంతా ఆ ముడి ఉన్న చోటికే పిలుచుకు వెళ్ళాలి. ఆ ముడిలో ఉన్నవాళ్ళు విని, 'అవును, సంగతి ఇదే' అనాలి. అంటే గట్టెక్కినట్టు. అనకపోతే ఏడాది మళ్ళీ మొదట్నుంచి. ఆఫీసువాళ్ళు ఆమెని సాయంత్రాలు తొందరగా వదిలేది ఈ ఏడాది వరకే. తప్పిందంటే చదువు అటకెక్కినట్టే. నర్సు తన వార్డునే ముడిగా పెట్టుకుంది. ఈవిడ ఇల్లు పెట్టుకుంది. అంటే మొగుణ్ణి.

ఇన్నాళ్ళూ మేస్త్రి చేతిలో సుత్తీ కత్తెరా తప్ప ఏ అధికారమూ లేదు. ఇప్పుడొక మాట ఉంది. ఆ మాట అనకుండా ఉంటే చాలు.

"ఒక్కటి చెప్పండి," అంది భార్య, పరుపు మీది దుప్పట్లు తెచ్చి నేల మీద పరుస్తూ. "మీరు కూర్చుంటారా, కూర్చోరా?"

"కూర్చోడానికి కుర్చీ ఏది?"

"ఏవండీ, నేను ఎగతాళికి అడగట్లేదు. మీరు కూర్చోనంటే వాళ్ళని మెట్ల దగ్గర్నుంచే పంపించేస్తాను. వచ్చాక లేచిపోతే నాకు తలవంపులు."

"ఓహో. తలవంపులంటే నీకు తెలుసన్నమాట. నా గురించి ఊరందరికీ చెప్పినప్పుడు నా తల ఎక్కడుందో చూశావా?"

"ఊరందరికీ చెప్పలేదు. క్లాసులో చెప్పాను."

"క్లాసు ఊళ్ళో లేదా? అడవిలో ఉందా?"

ఆమె దుప్పటి అంచు సవరించింది. "ఏం చెప్పానో మీకు తెలియదు కదా. ఇవాళ మీ ఎదురుగానే చెప్తాను. నచ్చకపోతే కాదనండి. వినడానికేం?"

"ససేమిరా!"

మాట నోట్లోంచి జారాక గాని అదేం మాటో అతనికి తట్టలేదు. భార్య పెదవి ఒక పక్కకి వణికింది. ముసలమ్మ అయితే దాచుకోను కూడా లేదు, బోసినోటితో పకపకా నవ్వింది. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. మనిషి మాట మనిషికి కాకుండా పోవడమంటే ఇదే. ఇక ఈ జన్మలో కాదనాలన్నా ఇంకో మాట వెతుక్కోవాలి.

కింద తలుపు చప్పుడైంది.

*

వచ్చింది ముగ్గురు. లెక్చరరమ్మ, నర్సు, అగ్నిమాపక కేంద్రంలో పనిచేసే మీసాలాయన. ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్ళ క్లాసు, జనం ఎక్కువ లేరు. ఇంకొకాయన జ్వరంతో రాలేదట.

మేస్త్రి గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ ముఖాలు ఎలా మాడిపోతాయో చూడాలని అతని సరదా. పిలిచి కుర్చీ వెయ్యని ఇంటికి వచ్చినవాళ్ళ ముఖం ఎలా ఉండాలో అలా ఉండాలి కదా.

లెక్చరరమ్మ తెల్లజుట్టు మనిషి, మోకాలు నెప్పి ఉన్నట్టు ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది. గదంతా ఒకసారి చూసింది. సోఫా దగ్గరికెళ్ళి ఆగిపోయింది.

"ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నాను గానీ లోపలేముంటుందో ఎన్నడూ చూడలేదు," అంది. "మేస్త్రిగారూ, ఈ స్ప్రింగులకి తాళ్ళు ఇన్ని వైపులకి ఎందుకు కట్టారు?"

"తెలిసే అడుగుతున్నారా?"

"తెలిస్తే ఎందుకడుగుతాను?"

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. ఎగతాళి ఎక్కడా దొరకలేదు. దొరక్కపోవడం అతనికి నచ్చలేదు.

"లాగి కడితేనే ఒక చోట ఉంటాయి. లేకపోతే దేని దారి దానిది."

"సోఫా గురించే చెప్తున్నాడమ్మా," అంది ముసలమ్మ. "మీరు వేరే ఏమనుకోకండి."

మీసాలాయన ఫక్కున నవ్వి, నవ్వు తప్పేమోనని దగ్గుగా మార్చుకున్నాడు. నర్సు మాత్రం మేస్త్రి వైపు చూడలేక చేతిసంచీ జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. ముగ్గురూ దుప్పట్ల మీద కూర్చున్నారు. లెక్చరరమ్మ కాలు ముందుకు చాపుకుని కూర్చోవడానికి నానా అవస్థా పడింది. నర్సు పట్టుకుని కూర్చోబెట్టింది. అది చూసి మేస్త్రికి లోపల చిన్నగా ఏదో గుచ్చుకుంది. చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

"పెద్దావిడ మోకాలు చూశావుట్రా?" అంది ముసలమ్మ.

"చూశాను."

"చూస్తే చాలు."

భార్య టీ తెచ్చింది. అతనికి గ్లాసు అందిస్తూ, ఎవరికీ వినబడకుండా, "గోడని మోస్తున్నారా? కూర్చోండి," అంది. అతను కూర్చోలేదు. కానీ బయటికి పోలేదు కూడా. టీ తీసుకున్నాడు గనక అది తాగేదాకా ఉండాలని తనకి తానే చెప్పుకున్నాడు.

లెక్చరరమ్మ అతని వైపు తిరిగింది. "మీకు మా పద్ధతి చెప్పాలి మేస్త్రిగారూ. ఇక్కడ వాదించుకోం. ప్రశ్నలే అడుగుతాం. దానికి ఒకటే కట్టుబాటు. జవాబు తెలిసిన ప్రశ్న అడగకూడదు."

"తెలియకే అడుగుతారు ఎవరైనా," అన్నాడు మేస్త్రి.

"అలాగే అనుకుంటాం. రోజంతా మీరు వినే ప్రశ్నలు ఓసారి పట్టి చూడండి. 'నీకు బుద్ధుందా' అని అడిగేవాడికి, లేదనే జవాబు ముందే తెలుసు."

"మా ఆఫీసర్ రోజూ అడుగుతాడు," అన్నాడు మీసాలాయన.

భార్య దుప్పటి అంచు మీద, అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ మొదలెట్టింది. గొంతు ఫిర్యాదుల కిటికీ దగ్గరి గొంతులాగే ఉంది. కోపం లేదు, ఏడుపు లేదు.

"మా ఇంట్లో ప్రశ్న అడిగితే తిట్టైపోతుంది. ఎందుకో నాకు తెలియదు. ఏడాది నుంచీ అదే వెతుకుతున్నా. భోంచేశారా అంటే 'పెట్టావా?' అంటారు. ఎప్పుడొస్తారంటే 'పోలీసువా?' అంటారు. ఈ రంగు బావుందా అంటే, 'బాగాలేదంటే మానేస్తావా?' అంటారు. పెళ్ళైన కొత్తల్లో కాళ్ళ నెప్పులా అని అడిగాను. 'నేను ముసలాణ్ణని అంటున్నావా?' అన్నారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు."

మీసాలాయన ఈసారి దగ్గడం మర్చిపోయి హాయిగా నవ్వేశాడు. నర్సు మోచేత్తో పొడిచింది.

"ఇందులో నా తప్పెంతో కూడా నాకు తెలియదు," అంది భార్య. "నేను అడిగే తీరులో ముల్లుందేమో. ఉంటే ఎక్కడుందో ఆయనే చెప్పాలి."

అందరూ అతని వైపు చూశారు. గ్లాసులో టీ అయిపోయింది. అయిపోయినా గ్లాసుని నోటి దగ్గరే ఉంచుకున్నాడు కాసేపు.

"అడిగేవాడికి చెప్పేవాడు లోకువ," అన్నాడు చివరికి. "ఈ మాట నేను కనిపెట్టింది కాదు. పెద్దలెప్పుడో అన్నారు."

"మీకెప్పుడు తెలిసింది ఆ సంగతి?" అంది లెక్చరరమ్మ.

"దీనికి జవాబు మీకు తెలియదా?"

"తెలియదు."

అతను గ్లాసు కిటికీలో పెట్టాడు. చెప్పకూడదనే అనుకున్నాడు. కానీ కింద కూర్చుని, తలెత్తి, జవాబు కోసం చూస్తున్న పంతులమ్మని అతను పుట్టాక ఎన్నడూ చూసి ఎరగడు. పంతుళ్ళంటే ఎప్పుడూ పైనుంచి కిందికే చూస్తారు.

"బళ్ళో," అన్నాడు. "మా లెక్కల పంతులు రోజూ నన్నే లేపి అడిగేవాడు. ఆయనకి తెలియక అడిగాడా? తెలుసు. నాకు రాదని కూడా తెలుసు. నాకు రాదు గనకే నన్ను లేపేవాడు. నేను నీళ్ళు నమిలితే క్లాసంతా నవ్వాలి. అదీ ఆయనకి కావలసింది. పాఠం చెప్పడానికి కాదు, పాఠం మధ్యలో కాస్త వినోదానికి. ఓ రోజు లేవమంటే లేచి, అలాగే బయటికి నడిచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. సోఫాలు కుట్టే మా మేనమావ దగ్గర చేరాను. స్ప్రింగు ఎవర్నీ ఏమీ అడగదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. నర్సు జిప్పు కూడా ఆగింది.

"ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు మీరు," అంది భార్య.

"నువ్వెప్పుడడిగావు?"

"అడిగితే తిట్టేవారు కదా!"

"అదీ నిజమే," అంది ముసలమ్మ. "ఒరే, నాకూ చెప్పలేదు నువ్వు. బడి నచ్చలేదన్నావు. నేనూ పోనీలే, చేతిపని వస్తుంది కదా అనుకున్నాను."

మేస్త్రి తను బయట పెట్టుకున్నది వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందేమోనని చూశాడు. ఉన్న దారి కోపమే. అదెప్పుడూ తలుపు తీసే ఉంటుంది.

"అయితే, క్లాసులో నన్ను ససేమిరా అని నవ్వుకునే వాళ్ళకీ, ఆ పంతులుకీ తేడా ఏంటి? అది చెప్పండి."

నర్సు ముఖం కందిపోయింది. "తేడా లేదు మేస్త్రిగారూ," అంది నెమ్మదిగా. "నవ్వాం. అక్క చెప్పే తీరుకి నవ్వొచ్చింది. మీరు ఎదురుగా లేరు గనక మనిషి అనిపించలేదు. కథలో మనిషిలా అనిపించారు. ఆ రోజు షాపులో మీ ముఖం చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు."

అతను ఇంకేదో అనబోయాడు. తప్పు ఒప్పుకున్నవాళ్ళతో పోట్లాడడం అతనికి అలవాటు లేని పని.

"ఇప్పుడు మీ వంతు," అంది లెక్చరరమ్మ. "మీరు అడగండి. ఎవర్నైనా, ఏదైనా. కట్టుబాటు మాత్రం అదే."

"నేనా? నాకేం ప్రశ్నల్లేవు."

"లేకపోతే వద్దు. సంగతి ఇదేనా కాదా అన్నది చెప్పండి చాలు, వెళ్ళిపోతాం."

అలా తేలిగ్గా పంపించేస్తే ఎలా? రెండేళ్ళుగా లోపల దాచుకున్నవి బోలెడు ఉన్నాయి. అతను గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

"అడుగుతాను. క్లాసులంటూ ఈవిడ రాని సాయంత్రాలు ఇంట్లో వంట ఎవరు చేశారు?"

"నేను చేశాను, ఉడికీ ఉడకనిది నువ్వు తిన్నావు," అంది ముసలమ్మ. "జవాబు నీకు తెలుసు. చెల్లదు."

"నిన్నడిగానా?"

"ఎవర్నైనా అడగొచ్చన్నారుగా ఆవిడ."

"సరే. ఈ వయసులో ఆడదానికి ఇంత చదువు అవసరమా?"

"దీని జవాబు కూడా నీ దగ్గర ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది," అంది ముసలమ్మ. ఈ ఆట ఆవిడకి తెగ నచ్చింది. "చెల్లదు. ఇంకోటి."

"ఈ చదువు కూడు పెడుతుందా?"

"పెట్టదని నిన్న కూడా అన్నావు. చెల్లదు."

"నన్నొదిలేస్తారా లేదా?"

"అది తెలియకే అడుగుతున్నట్టున్నాడు పాపం," అన్నాడు మీసాలాయన.

ఈసారి భార్య కూడా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. చదువులో చేరిన రోజు తుమ్ముల జోకుకి నవ్విన నవ్వు. అది చూసి మేస్త్రి ఆగిపోయాడు. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నాళ్ళైందో.

అతను అలాగే నిలబడి వెతుక్కున్నాడు. ప్రశ్న అనుకుని ఏది చేతిలోకి తీసుకున్నా, తిప్పి చూస్తే అది ప్రశ్న కాదు, తిట్టు. ఇంకోటి తీస్తే దెప్పు. ఇంకోటి తీస్తే జాలి పడమని అడుక్కోవడం. మేకుల డబ్బాలో చూడకుండా చెయ్యి పెట్టినట్టుంది. ప్రతిదీ గుచ్చుకుంటోంది, ఏదీ పనికొచ్చేది కాదు. అట్టడుగున ఒకటుంది. అది అక్కడుందని అతనికి తెలుసు. చాలా రోజులుగా తెలుసు. సాయంత్రం వర్క్‌షాపు మూసి మెట్లెక్కుతూ, పైన లైటు వెలుగుతోందో లేదోనని తలెత్తి చూసిన ప్రతిసారీ వేలికి తగులుతూనే ఉంది.

అతను నేల మీదే కూర్చున్నాడు, భార్యకి ఎదురుగా. ముందు ఆమె వైపు చూడలేదు. సోఫా కాలి దగ్గర పడున్న గోనెగుడ్డ ముక్క తీసి పోగులు లాగుతూ అన్నాడు.

"ఈ చదువు అయిపోయాక... నువ్వు ఇక్కడే ఉంటావా?"

ముసలమ్మ చెల్లదనడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

మేస్త్రి జవాబు కోసం చూశాడు. జవాబు ఏమిటో నిజానికి తనకి తెలుసుననే అనుకున్నాడు. 'ఇదేం పిచ్చి ప్రశ్న, ఎక్కడికి పోతాను?' అంటుంది. ఆమె కాకపోతే వాళ్ళమ్మైనా అంటుంది, అందరూ నవ్వుతారు, టీ గ్లాసులు తీసేస్తారు. అందుకే అంత ధైర్యంగా అడిగేశాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

కొంగు వేలికి చుట్టుకుని ఉంది. విప్పలేదు. అతని వైపు చూస్తోంది గానీ ఆ చూపు అతన్ని దాటి ఎక్కడికో వెళ్ళి, అక్కడేదో చూసి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్తోంది. నర్సు తల దించుకుంది. మీసాలాయన తన గ్లాసులోకి చూసుకున్నాడు. కింద వీధిలో ఎవరో బండి ఆపి హారన్ కొట్టి, వెళ్ళిపోయారు.

"ఏమే అమ్మాయ్," అంది ముసలమ్మ. గొంతులో ఇందాకటి ఆట లేదు. "నోరు విప్పవేం?"

"ఆలోచిస్తున్నానత్తయ్యా."

ఆ ఒక్క మాటకి మేస్త్రి పోగులు లాగడం ఆపేశాడు. ఆలోచించాల్సినంత ఉందా ఇందులో? ఉందని ఎప్పట్నుంచి తెలుసు ఈమెకి? ఇలాంటివి ఇంకో నాలుగు ప్రశ్నలు అతని నోటిదాకా వచ్చాయి. ఒక్కదానికీ జవాబు తెలియదు. అన్నీ చెల్లుతాయి. ఒక్కటీ అడగలేకపోయాడు.

"మేడమ్," అన్నాడు లెక్చరరమ్మ వైపు గబుక్కున తిరిగి. "ఒప్పుకుంటున్నాను. సంగతి ఇదే. మా ఇంట్లో ప్రశ్న అడిగితే తిట్టే. నా వల్లే. ఆమె చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. సరేనా? అయిపోయింది కదా? ఆమె పాసైనట్టే కదా?"

"పాసైనట్టే," అంది లెక్చరరమ్మ.

"అయితే ఇందాక నేనడిగింది వెనక్కి తీసుకుంటున్నాను. ఏదో ఆటలో అడిగాను. వదిలెయ్యండి."

లెక్చరరమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుని, నర్సు ఆసరాతో మెల్లగా లేచింది. లేవడానికి చాలాసేపు పట్టింది.

"మీరిచ్చిన మాట మీది మేస్త్రిగారూ, ఇచ్చారు, తీసుకున్నాం," అంది. "ఆ ప్రశ్న మాత్రం ఇప్పుడు ఆవిడది. వెనక్కివ్వాలో వద్దో ఆవిడే చెప్పాలి."

వాళ్ళు ముగ్గురూ చెప్పులు వేసుకుని మెట్లు దిగారు. చివరి మెట్టు దాకా లెక్చరరమ్మ ఈడ్చే కాలి చప్పుడు వినబడింది. బిస్కట్ల పొట్లాలు విప్పకుండా బల్ల మీదే ఉండిపోయాయి.

భార్య పాసైంది. రెండేళ్ళు అందుకోసమే పడింది. ఆ సంతోషం ఆమె ముఖంలో ఎక్కడైనా కనబడుతుందేమోనని మేస్త్రి వెతికాడు. గదంతా స్ప్రింగులూ, చట్రాలూ, చీలికలైన రెగ్జినూ. మధ్యలో ఆమె, లేచి నిలబడి, కొంగు ఇంకా వేలికి చుట్టుకునే ఉంది.

"రేపు పొద్దున్నే అన్నీ బిగించేస్తాను," అన్నాడు. "కొత్త స్పాంజి వేస్తాను. నువ్వడిగిన రంగే వేస్తాను. ఏ రంగన్నావు?"

ఈ ప్రశ్నకి కూడా అతనికి జవాబు తెలియదు. ఆమె ఆ రంగు చెప్పినప్పుడు అతను వినలేదు.

మధ్యాహ్నం కత్తెరకి లేవని ముసలమ్మ, కుర్చీ చేతుల మీద బరువు మోపి, నడుం పట్టుకుని లేచింది. కొడుకు వైపు చూడలేదు. కుర్చీని కోడలి దగ్గరికి అరచేత్తో కొద్దిగా జరిపింది.

"ఇదుగో అమ్మాయ్. ఇంట్లో మిగిలింది ఇదొక్కటే. కూర్చుని ఆలోచించు."

ఆమె ఆ కుర్చీని చూసింది. దాని వీపు మీద చెయ్యి వేసింది.

కూర్చోలేదు.